మొగ్గ భద్రతా మండలం

…అయినా ఆ మొక్క తనను చూస్తోందనుకోవడం పిచ్చి కాదు, పిచ్చికి ముందుండే అనుమానం మాత్రమే, అనుకున్నాడు ముక్తేశ్వరరావు. పిచ్చివాడికి అనుమానం ఉండదు, నమ్మకం ఉంటుంది. తనకింకా అనుమానమే. మొక్కకు కళ్ళెక్కడివి? ఆ మాటకొస్తే ఈ మొక్కకు ఆకులు కూడా లేవు. ఆకుల్లా కనిపించేవన్నీ చదునుగా నొక్కేసినట్టున్న కాడ ముక్కలే. ఒకదాని కొస పట్టుకుని ఒకటి వేలాడుతూ, బల్ల అంచు మీదుగా అతని ఫైళ్ళలోకి తొంగి చూస్తుంటాయి. తొంగి చూస్తున్నదాన్ని తొంగి చూస్తోందనుకోకుండా ఏమనుకోవాలి?

తన ముఖం మీద ఏదో రాసి ఉందనీ, దాన్ని తాను తప్ప అందరూ చదివేస్తున్నారనీ చిన్నప్పటి నుంచీ అతని భయం. ఆ భయంతోనే పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్ల కాళ్ళకేసి మాత్రం చూసి తిరిగొచ్చాడు. ఆ భయంతోనే గుమాస్తా ఉద్యోగంలో చేరి సూపరింటెండెంటు దాకా వచ్చాడు. ఫైలు ఎత్తి పట్టుకుంటే సరిగ్గా కళ్ళ దాకా వస్తుంది. ముఖానికీ లోకానికీ మధ్య ప్రభుత్వం వారు ఉచితంగా ఇచ్చిన గోడ అది. ఇప్పుడు ఆ గోడకు ఇవతల, తన వైపునే, ఈ కుండీ తెచ్చిపెట్టారు.

అతనిది వైకల్య ధ్రువపత్రాల ప్రాంతీయ కార్యాలయం. గోదావరి ఒడ్డున ఒక పాత మేడలో ఉంది. చూపు లేనివాళ్ళకు చూపు లేదనీ, వినపడనివాళ్ళకు వినపడదనీ కాగితం మీద రాసి ఇవ్వడం దాని పని. వినపడదన్న సంగతి డాక్టర్లు ఒక పూటలో తేల్చేస్తారు. ఆఫీసు దాన్ని నమ్మాలి. నమ్మడానికి మామూలుగా ఒక ఏడాది పడుతుంది.

జాయింట్ డైరెక్టర్ ఇందుమతి మేడమ్ ఆ వేసవిలో బెంగుళూరు వెళ్ళి, అంతరంగ వికాసం మీద శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఒకాయన బల్ల మీద గులాబీరంగు పూలు విరగబూసిన కుండీ పెట్టి, ప్రశాంతంగా ఉన్న మనిషి దగ్గరే ఇది పూస్తుందని చెప్పాడట. చెప్పినాయన మనస్తత్వ నిపుణుడో, మొక్కలమ్మేవాడో మేడమ్ కనుక్కోలేదు. తిరిగి రాగానే ఉత్తర్వు వెలువడింది.

"ఉద్యోగి అంతరంగము కంటికి కనిపించదు గనుక, దానిని కొలుచుటకు వీలుగా ప్రతి ఉద్యోగికిని ఒక పండుగ కాక్టస్ మంజూరు చేయడమైనది. డిసెంబరు మాసమున జరుగు కార్యాలయ వార్షికోత్సవము నాటికి సదరు మొక్క పుష్పించని యెడల, సదరు ఉద్యోగి అంతరంగమున అశాంతి కలదని భావించి తగు చర్య తీసుకొనబడును."

కుండీలు వచ్చాయి. వాటితోపాటే రెండు వర్గాలూ వచ్చాయి. పేరులో కాక్టస్ ఉంది కాబట్టి ఇది ఎడారి మొక్కేనని ఒక వర్గం తమ కుండీలను డాబా మీద ఎండలో పెట్టి, నీళ్ళు మానేసింది. అవి ఎర్రబడి, వడిలి, వడియాలయ్యాయి. శ్రద్ధ అంటే నీళ్ళు పోయడమేనని రెండో వర్గం వచ్చినప్పుడల్లా ఒక గ్లాసు, వెళ్ళినప్పుడల్లా ఒక గ్లాసు పోసింది. ఆ మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి కూలిపోయాయి. నిజానికి అది ఎక్కడో దూరదేశపు తడి అడవుల్లో, చెట్ల కొమ్మల మీద, నీడపట్టున బతికే మొక్క. ఎండ నేరుగా పడకూడదు, మన్ను ఆరాకే నీళ్ళు పోయాలి. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలుసుకోమని ఉత్తర్వులో లేదు.

మొక్క కుళ్ళిన ప్రతి ఉద్యోగికీ మెమో అందింది. "మీ కుండీలోని వేరు కుళ్ళునకు మీ అంతరంగములోని ఏ కుళ్ళు కారణమో మూడు పుటలకు మించకుండ సంజాయిషీ సమర్పించవలెను."

పక్క సీటు సీనియర్ అసిస్టెంటు సత్తిరాజు ఒకే ముక్క రాశాడు: "మా బావమరిది." సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని, కొత్త కుండీ మంజూరు చేశారు.

"మీరేం రాశారు గురూగారూ?" అని అడిగాడు ముక్తేశ్వరరావును.

"నాది ఇంకా కుళ్ళలేదయ్యా."

"తొందరేముంది. మీది నిదానం మనస్తత్వం."

కుళ్ళకపోవడానికి కారణం ముక్తేశ్వరరావు దాని జోలికి పోకపోవడమే. పగలు కిటికీ పక్కన నీడలో పెట్టి, దానికి వీపు తిప్పి కూర్చునేవాడు. ఎప్పుడైనా గుర్తొస్తే, అదీ మన్ను పిడచకట్టుకుపోయాక, కాసిని నీళ్ళు పోసేవాడు. సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ అనుమానం మొదలయ్యేది. తాను వెళ్ళిపోయాక అది తన సొరుగుల్లోకి, తన కుర్చీలోని ఖాళీలోకి చూస్తూ కూర్చుంటుందేమోనని, తీసి బీరువాలో పడేసి తాళం వేసేవాడు. ఇంటికెళ్ళి అన్నం తింటూ, బీరువాలో చీకట్లో అది ఏం ఆలోచిస్తుంటుందోనని ఆలోచించేవాడు. తన గురించి కాకుండా ఇంకోదాని గురించి ఆలోచించడం అతనికి చాలా ఏళ్ళ తర్వాత అదే మొదలు. ఆ సంగతి అతను గమనించలేదు.

నవంబరులో ఒక ఉదయం సత్తిరాజు వంగి చూసి అన్నాడు. "గురూగారూ, మీ మొక్కకేదో జబ్బు చేసినట్టుంది. కొసల్లో ఎర్రగా పొక్కులు లేచాయి."

పొక్కులు కావు, మొగ్గలు. బియ్యపు గింజంతేసి ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా మేడమ్ సిబ్బందితో సహా వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు.

"ముక్తేశ్వరరావుగారూ, మీలో ఇంత ప్రశాంతత ఉందని మాకు తెలియదు."

"నాకూ తెలియదండీ."

"ప్రశాంతత అంటే అదే. రాసుకోవయ్యా," అన్నారు మేడమ్ సత్తిరాజుతో.

అందరూ తన ముఖంలోకి చూస్తుంటే ముక్తేశ్వరరావు తల దించేసుకున్నాడు. అశాంతి అనేదానికి ఒక రూపమంటూ ఉంటే అప్పుడు అది తన చొక్కా తొడుక్కుని నిలబడి ఉందనుకున్నాడు. ఆ అవస్థను వాళ్ళు వినయమని రాసుకున్నారు.

ఎలా సాధించారని మేడమ్ అడిగారు. అతను బీరువా సంగతి చెప్పాడు. ఉద్యానశాఖ నుంచి వీరరాఘవులుగారిని పిలిపించారు. ఆయన వచ్చి, ఇది రాత్రిళ్ళు పొడవుగా ఉంటేనే మొగ్గ తొడిగే జాతి అనీ, కొన్ని వారాలపాటు రోజుకు పధ్నాలుగు గంటల దాకా దీపం వెలుగు కూడా పడని చీకటి ఇవ్వాలనీ, రాత్రి కాస్త చల్లగా ఉండాలనీ చెప్పారు. మొగ్గ కట్టాక కుండీని కదపకూడదు, తిప్పకూడదు, కదిపితే మొగ్గలు రాలతాయి అని కూడా అన్నారు.

"చీకటి," అన్నారు మేడమ్, కొత్త పథకం పేరు పలికినట్టు.

"పగలు మాత్రం వెలుతురు కావాలండి, లేకపోతే—"

"వెలుతురు సూర్యుడి సబ్జెక్టు, రాఘవులుగారూ. మా శాఖ పరిధిలోకి రాదు. చీకటి వరకు మేం చూసుకుంటాం."

ఆయన కాసేపు ఆలోచించి, నిపుణుడి అభిప్రాయం అని ఉన్నచోట సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయారు.

నిజానికి సాయంత్రం తాళం వేసి పొద్దున తీసే ఆఫీసుకు పధ్నాలుగు గంటల చీకటి దానంతటదే వస్తుంది. కానీ దానంతటదే వచ్చేదాన్ని సాధించామని చెప్పుకోవడం కష్టం. పైగా ఈ వార్త ప్రధాన కార్యాలయానికి చేరి, అన్ని ప్రాంతాలకూ కుండీలు మంజూరై, రోజూ సాయంత్రం చీకటి నివేదిక పంపాలని ఆదేశం వచ్చింది. పక్క ప్రాంతం వాళ్ళు పదహారు గంటలు చూపించారు. మన వాళ్ళు పద్దెనిమిది చూపించారు. వాళ్ళు ఇరవై అన్నారు. మన ప్రాంతం చీకటిలో రాష్ట్రంలో రెండో స్థానానికి పడిపోయిందని సమీక్షా సమావేశంలో మేడమ్ చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది.

"పగలు కూడా చీకటి చేసేస్తే రాత్రికి అంతరాయం ఉండదు కదండీ," అన్నాడు సత్తిరాజు. అతను ఎగతాళికే అన్నాడు. ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కింది. వారం తిరక్కుండా అతనికి ప్రశంసాపత్రం వచ్చింది.

కిటికీలకు ప్లైవుడ్ చెక్కలు కొట్టి నల్లగుడ్డ బిగించారు. తలుపులకు రెండేసి తెరలు వేశారు. స్విచ్చిబోర్డుల మీద కాగితం అంటించి లక్కతో సీలు వేశారు. రాత్రి చల్లగా ఉండాలన్నారు కాబట్టి ఏసీలు రాత్రంతా కుండీల కోసం నడిపి, ఆ కరెంటు ఆదా చేయడానికి పగలు మనుషుల ఫ్యాన్లు ఆపేశారు. పొద్దున హాజరు గొంతు పోల్చి తీసుకునేవారు. సంతకాలు తడుముకుని పెట్టేవారు. ఒక అటెండరు సెలవు చీటీలో దరఖాస్తుదారు స్థానంలో మేడమ్, ఆఫీసు మేడ మరమ్మతు అంచనాలో మంజూరు చేసే అధికారి స్థానంలో అటెండరు సంతకాలు పెట్టేశారు. రెండూ మంజూరయ్యాయి.

వచ్చిపోయే జనానికి టోకెన్లు ఇచ్చి, బోర్డు కనిపించదు కాబట్టి నంబర్లు నోటితో పిలిచేవారు. ముక్తేశ్వరరావుది వినికిడి విభాగం. అక్కడా అలాగే పిలిచేవారు. పిలిచిన నంబరుకు ఎవరూ లేచి రాకపోతే, దరఖాస్తుదారుకు ఆసక్తి లేదని రాసి ముగించేవారు. ఆ నెల పెండింగు చాలా తగ్గింది. అభినందన కూడా వచ్చింది.

ఇవన్నీ తెలిసి కూడా ముక్తేశ్వరరావు సుఖంగా ఉన్నాడు. ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు కానీ, ఇంత సుఖం అతనెరగడు. చీకట్లో అతనికి ముఖం లేదు. ఎవరితో మాట్లాడినా మాట మాత్రమే వెళ్ళేది, మనిషి వెనకే ఉండిపోయేవాడు. ఒకరోజు తనలో తాను నవ్వుకున్నాడు కూడా. నవ్వితే తన ముఖం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు కదా అని ఇంకాస్త నవ్వాడు.

అతని కుండీని మాత్రం బీరువాలోంచి తీయడం మానేశారు. తీస్తే కదిలినట్టు, కదిలితే రాలినట్టు. బీరువా చుట్టూ సుద్దతో గీత గీసి, దాన్ని మొగ్గ భద్రతా మండలంగా ప్రకటించారు. ముక్తేశ్వరరావును మొగ్గ సంరక్షకుడిగా నియమించి తాళంచెవి అతని జేబులోనే ఉంచారు, తాళం మీద మాత్రం లక్కసీలు వేశారు. వార్షికోత్సవం నాడు డైరెక్టరుగారు స్వయంగా సీలు విప్పి, రాష్ట్రంలోని మొట్టమొదటి ప్రశాంత పుష్పాన్ని ఆవిష్కరిస్తారు. ఆ తర్వాత సంరక్షకుడికి సన్మానం. పూయని పక్షంలో సంరక్షకుడికి ఏజెన్సీ ప్రాంతానికి బదిలీ.

బీరువాలో ఉన్నది కుండీ ఒక్కటే కాదు. డాక్టర్లు పరీక్షించి, మేడమ్ సంతకం పెట్టి, ఇక మనిషి చేతికివ్వడమే మిగిలిన ధ్రువపత్రాల కవర్లన్నీ ఆ అరలోనే ఉన్నాయి. కుండీ వాటి మీదే కూర్చుని ఉంది.

వార్షికోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం వేళ, చీకట్లోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"బాబుగారూ, పల్లాలమ్మనండి. పీచు ఫ్యాక్టరీలో పనిజేత్తానండి. మా పిల్ల నాగవేణి కాయితం కోసం ఇది మూడోసారండి రావడం."

"సంతకం అయిపోయిందమ్మా. కాగితం సిద్ధంగానే ఉంది."

"మరి ఇప్పించండి బాబూ."

"బీరువాలో ఉంది."

"బీరువా యాడుంది?"

"ఇక్కడే. నా వెనకాల."

ఆవిడ తన వెనక చీకటినీ, తననూ కలిపి కొలుస్తోందని ముక్తేశ్వరరావుకు అనిపించింది.

"ఎనక్కి తిరగడానికేటండీ అడ్డం?"

అతను మొక్క సంగతి, మొగ్గ సంగతి, భద్రతా మండలం సంగతి చెప్పాడు. చెబుతుంటే అన్నీ సవ్యంగానే, ఒకదాని తర్వాత ఒకటి న్యాయంగానే ఉన్నట్టు తోచాయి. అదే అతన్ని భయపెట్టింది.

"పువ్వు పూసేదాకా ఆగమంటారు. అంతేనాండి?"

"రేపు సాయంత్రం సభ అయ్యాక ఇచ్చేస్తాం."

"రేపు సాయంత్రానికి కాకినాడలో బడి కట్టేత్తారండి. చెవిటి పిల్లల బడండి అది. ఒక్క సీటు కాళీ అయ్యిందని కబురెట్టారు. రేపు మజ్జానం లోపల కాయితం ఎట్టకపోతే ఇంకోళ్ళకిచ్చేత్తామన్నారు. వచ్చే ఏడాదికి దీనికి వయసు దాటిపోద్దండి. మీ పువ్వుకి రేపు కాపోతే ఎల్లుండన్నా ఉంటాదేమో. దీనికి లేదండి."

ముక్తేశ్వరరావు లేచి, గోడ పట్టుకుని, మేడమ్ గదికి వెళ్ళాడు. తెర తొలగించి లోపలికి అడుగుపెడితే అక్కడి చీకటి బయటి చీకటికంటే ఒక హోదా ఎక్కువగా ఉన్నట్టుంది.

"ఎవరది?"

"ముక్తేశ్వరరావునండి. ఒక పాప కాగితం, అత్యవసరంగా, బీరువాలో..."

"మీ గొంతు వణుకుతోంది," అన్నారు మేడమ్ ఆందోళనగా. "మీరు ఇప్పుడు అశాంతి పడకూడదండీ. మీరు చలిస్తే మొగ్గ చలిస్తుంది. మనకు వైజ్ఞానిక ఆధారం ఉంది."

"రెండు నిమిషాలు తెరిచి మూసేస్తానండి. నేనే బాధ్యత—"

"సంక్షేమమే మన ధ్యేయం. కాదనను. కానీ ఒక లబ్ధిదారు కోసం సమస్త లబ్ధిదారుల ప్రశాంతతకు చిహ్నమైన పుష్పాన్ని పణంగా పెట్టడం పరిపాలనా దృష్ట్యా సమంజసం కాదు. ఆ తల్లికి కౌన్సెలింగ్ ఇప్పించండి. కావాలంటే ఒక కాడ ముక్క తుంచి ఇవ్వండి, మన్నులో గుచ్చితే బతుకుతుందట. లబ్ధిదారుల ఖాతాలో చూపించుకోవచ్చు."

"ముక్క ఇవ్వాలంటే నా మొక్కదే ఇవ్వాలండి. మిగతావి ముట్టుకుంటే ఊడుతున్నాయి."

"అవి విశ్రాంతి దశలో ఉన్నాయి. వెళ్ళి మీరూ విశ్రాంతి తీసుకోండి."

అతను తిరిగి వచ్చాడు. బల్ల దగ్గర సన్నగా ఒక చప్పుడవుతోంది. ఏడుపు కాదు. గొంతు లోపలే ఎక్కడో తిరుగుతూ, బయటికి దారి తెలియని ధ్వని.

"ఏమిటమ్మా అది?"

"పిల్లండి. బెదిరిపోతందండి."

"చీకటంటే భయమా?"

"చీకటికి కాదు బాబూ. దానికి మాటలన్నీ చేతుల్తోనే కదండీ. ఈ చీకట్లో నా చేతులు దానికి కనపడవు. దాని చేతులు నాకు కనపడవు. గుమ్మంలో అడుగెట్టిన కాడినించీ అడుగుతానే ఉందండి, నా మొహం మీద తడిమి తడిమి. ఏటడుగుతుందో నాకు తెలవట్లేదు. బయటుంటే అదొక వాగుడుకాయండి."

ఇన్నాళ్ళూ ఈ గదిలో తాను హాయిగా మాట్లాడుతూ వచ్చాడు. టోకెన్లు పిలిచినప్పుడు లేచి రానివాళ్ళు ఎక్కడో కాదు, ఇక్కడే, ఈ బల్ల ముందే, పక్కనున్న మనిషి చేతుల కోసం తడుముకుంటూ నిలబడి ఉండాలి. ఆసక్తి లేదని రాసింది తన చెయ్యే.

చిన్న చెయ్యి ఒకటి చీకట్లోంచి వచ్చి అతని గడ్డాన్ని తాకింది. అతను ఉలిక్కిపడ్డాడు కానీ వెనక్కి జరగలేదు. వేళ్ళు పెదవుల మీదకు, అక్కడి నుంచి గొంతు మీదకు వెళ్ళి, అక్కడే ఆగి ఎదురుచూశాయి. అతను మాట్లాడాలని.

"మిమ్మల్ని నేననుకుంటందండి, ఏమనుకోకండి," అంది పల్లాలమ్మ, చెయ్యి ఎటు వెళ్ళిందో పోల్చుకుని.

ముక్తేశ్వరరావు వెనక్కి తిరిగాడు. సుద్దగీత ఎక్కడుందో కనిపించలేదు, ఎప్పుడు దాటాడో తెలియలేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు. లక్కసీలు బొటనవేలి కింద పెంకులా పగిలింది. బీరువా తలుపు మామూలుగా కీచుమనేది, ఇవాళ కూడా కీచుమంది. ఎవరూ రాలేదు. చీకట్లో బీరువా తెరిచినా చీకటి చెడదు కదా, అని అతని మనసు వెంటనే ఒక వాదన అందించింది. ఇప్పటిదాకా ఏ నిబంధనా తప్పలేదు, ఒక్క సీలు తప్ప.

కుండీ కిందికి చెయ్యి పోనిచ్చాడు. కవర్ల మీద వేళ్ళకు ఏవో తగిలాయి. ఎండిన బఠానీల్లా, తేలిగ్గా. ఒకటి, ఇంకొకటి, గుప్పెడు. పైకి తడిమాడు. కాడల కొసలన్నీ బోడిగా ఉన్నాయి. ముట్టుకున్న ముక్క ఒకటి చప్పుడు లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది.

మొగ్గలు రాలి చాలా రోజులయినట్టుంది.

అతను అలాగే నిలబడ్డాడు. తలుపు మూసేసి తాళం వేస్తే చాలు. లక్క కరిగించి మళ్ళీ అంటించడం సత్తిరాజుకు చేతనవును. రేపు సభలో తెరిచినప్పుడు రాలి ఉంటే అది మొక్క తప్పు, లేదా దైవం తప్పు. ఇప్పుడు బయటపడితే మాత్రం రాల్చినవాడు తనే అవుతాడు. సీలు పగలగొట్టి, మొగ్గ చిదిమేసిన అశాంతిపరుడు. ఎవరూ చూడని చోట నుంచి, అందరూ చూసే చోటికి ఈడ్చుకొస్తారు.

"దొరికిందాండి?" అంది పల్లాలమ్మ.

కవర్లు చాలా ఉన్నాయి. అన్నీ ఒకే మందం, ఒకే నున్నదనం. పేర్లు వేళ్ళకు తెలియడం లేదు. ఇదే మంచి అదను అంది మనసు. దొరకలేదని చెప్పు. అబద్ధం కూడా కాదు.

"ఉన్నాయమ్మా. మీ అమ్మాయిది ఏదో చదివితే గానీ తెలియదు."

చెప్పాక గానీ ఆ మాట ఎటు తీసుకెళుతుందో అతనికి అర్థం కాలేదు. కవర్ల కట్టను గుండెలకు అదుముకుని, గోడ వెంట నడిచాడు. చిన్న చెయ్యి అతని చొక్కా అంచు పట్టుకుని వెంట వచ్చింది. ఎక్కడో సత్తిరాజు గొంతు, "ఎవరది అటు వెళ్ళేది, గురూగారా?" అంది. అతను జవాబివ్వలేదు. స్విచ్చిబోర్డు చేతికి తగిలింది. దాని మీది కాగితాన్ని అంచు నుంచి గోటితో పైకి లేపి, చింపి, లైటు వేశాడు.